తాత వాచీ ఎవరి చేతిలో పెట్టాలి?

మా తాత పోయాక పెద్దనాయిన ఇంట్లో ఇనుప బీరువా తెరిస్తే, భూమి కాగితాల కింద ఒక వాచీ దొరికింది. ఒమేగా సీమాస్టర్. నాగార్జునసాగర్ డ్యాం కట్టేటప్పుడు తాత రాతి పనికి సబ్ కాంట్రాక్టు చేశాడు. 1967లో కాలువలకు నీళ్లు వదిలిన ఏడాది, చేతిలో నాలుగు పైసలు ఆడుతున్న రోజుల్లో, హైదరాబాద్ పోయి కొనుక్కొచ్చాడని నాయినమ్మ చెబుతుంది. పెళ్లిళ్లకు, కోర్టు వాయిదాలకు తప్ప దాన్ని చేతికి పెట్టుకోగా నేను చూడలేదు.

కీ తిప్పితే పది నిమిషాలు నడిచి ఆగిపోయింది. ఇక ఇంట్లో తలో మాట. "గడియారం సెంటర్ల ఇస్తే రెండొందలల్ల చేసిస్తరు" అన్నాడు చిన్నాయిన. "కంపెనీ సర్వీస్ సెంటర్‌కే ఇవ్వాలె" అన్నాడు బెంగళూరులో ఉండే తమ్ముడు. "ఎందుకు కదిలిచ్చుడు బిడ్డా, అట్లనే ఉండనియ్యి" అంది నాయినమ్మ. ముగ్గురు చెప్పిందాంట్లోనూ నిజముంది. అది నాకు అర్థమయ్యేసరికి రెండేళ్లు పట్టింది, మధ్యలో ఇంకో వాచీ డయల్ నాశనమైంది.

మన నల్లగొండ, పాలమూరు ఇళ్లలో పాత వాచీ అంటే ముందు గుర్తొచ్చేది హెచ్‌ఎంటీ. జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో 1961లో బెంగళూరులో మొదలైన ఫ్యాక్టరీ అది. జనతా, పైలట్, సోనా అన్నీ అక్కడివే. అంతకంటే ముందు తరం వాళ్ల దగ్గర ఫావ్రే ల్యూబా, వెస్ట్ ఎండ్, రోమర్ ఉండేవి. గల్ఫ్‌కు పోయొచ్చిన ఇళ్లలో సీకో 5, రాడో కనిపిస్తాయి. ఒమేగా, లాంజిన్స్, రోలెక్స్ తక్కువే కానీ లేకపోలేదు. డాక్టర్లు, వకీళ్లు, పటేళ్లు, కాంట్రాక్టర్ల బీరువాల్లో ఇప్పటికీ బయటపడుతున్నాయి. వీటన్నిటికీ ఒకే మెకానిక్ సరిపోడు. ఎవరికి ఇవ్వాలనేది వాచీని బట్టి, దాన్ని మీరేం చేయదలచుకున్నారనే దాన్ని బట్టి మారుతుంది. నేను మాత్రం ఇంకో లెక్క కూడా వేస్తాను: ఈ మనిషి చేతిలో పొరపాటు జరిగితే దాన్ని తర్వాత సరిచేయగలమా, లేదా?

ముందు మూత తీయించి చూడండి

డయల్ మీద ఒమేగా అని రాసి ఉంటే లోపల ఒమేగానే ఉంటుందన్న గ్యారంటీ లేదు. యాభై అరవై ఏళ్లలో ఆ వాచీ ఎన్ని చేతులు మారిందో, ఏ చేతిలో ఏ పార్టు మారిందో ఎవరికీ గుర్తుండదు. అందుకే మొదటి పని, ఊళ్లోనే తెలిసిన మెకానిక్ దగ్గర కూర్చుని వెనక మూత తీయించడం. ఆయన్ని ఇంకేమీ ముట్టుకోవద్దని చెప్పండి. సెల్‌ఫోన్‌తో దగ్గరగా నాలుగు ఫొటోలు తీసుకోండి. మెషిన్ మీద కంపెనీ పేరు, మోడల్ నంబరు, కొన్నిటికి సీరియల్ నంబరు చెక్కి ఉంటాయి. దీనికి చాయ్ పైసలు ఇచ్చినా చాలు.

మా తాత వాచీలో 565 అనే నంబరు, 24 జ్యువెల్స్, అంటే 24 రాళ్లు, అని కనిపించాయి. సీరియల్ నంబరు రెండు కోట్ల నలభై లక్షల పైన ఉంది. ఒమేగాలో ఆ నంబర్లు 1960ల రెండో సగానివి. 565 మెషిన్ 1966లో వచ్చింది. నాయినమ్మ చెప్పిన 1967 కరెక్టుగా కుదిరింది. అంతవరకు ఆమె మాట మీద నాకు కొంచెం అనుమానం ఉండేది, ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.

అక్కడే ఇంకో చిన్న పరీక్ష చేయించండి. కొన్ని వాచీలు ఆగవు గానీ రోజుకు పది, ఇరవై నిమిషాలు ముందుకు పోతుంటాయి. చాలాసార్లు దానికి కారణం అయస్కాంతం. స్పీకరు మీదో, ఫ్రిజ్ మీదో, అయస్కాంతం ఉన్న ఫోన్ కవరు పక్కనో పెడితే లోపలి హెయిర్ స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి. దాంతో అటూ ఇటూ ఊగుతూ వాచీ వేగాన్ని నిలిపే బ్యాలెన్స్ చక్రం గబగబా ఊగుతుంది. ఆ అయస్కాంతాన్ని తీసేసే చిన్న మెషిన్ ఉంటుంది, అర నిమిషం పని. దీనికి సర్వీసింగ్ పేరు చెప్పి వేలు అడిగితే అక్కడి నుంచి లేచి రండి.

ఒకవేళ వాచీ బాగానే నడుస్తున్నట్టు కనిపించినా, చివరిసారి ఎప్పుడు ఆయిలింగ్ అయిందో తెలియకపోతే రోజూ పెట్టుకోకండి. మా తాత వాచీ లాంటిది గంటకు 19,800 సార్లు టిక్కుమంటుంది. రోజుకు 4,75,200. ఏడాదికి 17 కోట్లు దాటుతుంది. ఆయిల్ ఎండిపోయాక కూడా నడిపిస్తే అన్ని కోట్ల సార్లు ఇనుము ఎండు రాయి మీద రాసుకుంటుంది. వెంట్రుకంత సన్నటి ఇరుసులు అరిగిపోతాయి. బీరువాలో ఆగిపోయి ఉన్న వాచీకి ఆ నష్టం లేదు. "కీ ఎక్కువ తిప్పితే స్ప్రింగ్ బిగుసుకుని వాచీ ఆగిపోయింది" అని మన దగ్గర అందరూ అంటారు. కీ నిండుగా తిప్పినంత మాత్రాన వాచీ చెడిపోదు. ఆయిల్ జిగురైపోయి చక్రాలు కదలక ఆగుతుంది. నింద మాత్రం కీ తిప్పినవాడి మీద పడుతుంది.

రాళ్ల భయం

మెకానిక్‌కు ఇవ్వడానికి మన పెద్దవాళ్లు జంకేది ఒక్కదానికే. "లోపల పదిహేడు రాళ్లుంటయి, తీసుకుని గాజు ముక్కలు పెడతరు." మా నాయిన ఇప్పటికీ ఇదే అంటాడు. ఆ రాళ్లు కెంపులే, కానీ ఫ్యాక్టరీలో చేసినవి. ఫ్రాన్సులో వెర్న్యూయ్ అనే రసాయన శాస్త్రవేత్త మంట మీద కెంపును తయారుచేసే పద్ధతిని 1902లో బయటపెట్టాడు. అప్పటి నుంచి వాచీల్లో వేసే రాళ్లు చవకైపోయాయి. దొంగిలించి అమ్ముకుంటే చాయ్ ఖర్చు కూడా రాదు. వాటి పని ఇరుసులు అరగకుండా చూడటం, అంతే. మెకానిక్ దగ్గర నిజంగా భయపడాల్సింది రాళ్ల గురించి కాదు, డయల్ గురించి. ఆ సంగతి తర్వాత చెబుతాను.

మొదటి దారి: ఊళ్లో మెకానిక్

నల్లగొండలో గడియారం సెంటర్ ఉంది, మహబూబ్‌నగర్‌లో క్లాక్ టవర్ ఉంది. ఆ చుట్టుపక్కల సందుల్లో అద్దాల పెట్టె ముందు పెట్టుకుని, కంటికి భూతద్దం తగిలించుకుని కూర్చునే మెకానిక్‌లు ఇంకా కొద్దిమంది మిగిలారు. ఇప్పుడు వాళ్లకు ఎక్కువ పని సెల్లు మార్చడం, పట్టా మార్చడమే. కానీ వాళ్లలో పాత చేతులున్నాయి.

హెచ్‌ఎంటీ అయితే నేను వేరే ఆలోచన చేయను, ఊళ్లోనే ఇస్తాను. హెచ్‌ఎంటీ వాచీల విభాగాన్ని మూసేయాలని 2016లో కేంద్రం నిర్ణయించింది. ఇప్పుడు పార్టులు చచ్చిపోయిన వాచీల నుంచే రావాలి. అలాంటి వాచీల డబ్బా పాత మెకానిక్ దగ్గర తప్పకుండా ఉంటుంది. జనతా మెషిన్‌ను ఆయన వందల సార్లు విప్పి ఉంటాడు. వందల్లోనో, మహా అయితే వెయ్యి రెండు వేలలోనో పని అయిపోతుంది. స్విస్ వాచీకి కూడా గ్లాసు, పట్టా, పిన్నుల వరకు ఊళ్లో ఇవ్వొచ్చు.

చిక్కంతా క్లీనింగ్ దగ్గర వస్తుంది. వాచీని పూర్తిగా విప్పి, ఒక్కో చక్రాన్ని విడిగా కడిగి, మళ్లీ బిగించడం రోజంతా పట్టే పని. రెండొందలకు అది ఎవరూ చేయరు, చేయలేరు కూడా. అందుకని మెషిన్‌ను ఉన్నదున్నట్టు పెట్రోల్‌లో ముంచి, ఊది, కనిపించిన చోటల్లా ఒక చుక్క నూనె వేసి ఇస్తారు. వాచీ నడుస్తుంది, ఆరు నెలలో ఏడాదో. పాత మురికి కరిగి ఇరుసుల సందుల్లోకే చేరుతుంది. నూనె కూడా ఒక్కటే వేస్తే కుదరదు. గబగబా తిరిగే చక్రాలకు పలచటిది, స్ప్రింగ్ డబ్బాకు చిక్కటిది, టిక్కు కొట్టించే రాళ్లకు మళ్లీ వేరేది. కొన్ని చోట్ల అసలు వేయకూడదు.

పెట్రోల్ బదులు స్పిరిట్ వాడితే ఇంకో ప్రమాదం. టిక్కు కొట్టించే ఆ రెండు రాళ్లను వాటి స్థానంలో అంటించేది లక్క. మన లాడ్ బజార్ గాజులకు వాడేది కూడా లక్కే. స్విట్జర్లాండ్ వాచీ గుండెలో లక్క ఉంటుందంటే మొదట నేనూ నమ్మలేదు. స్పిరిట్‌లో అది కరుగుతుంది, రాయి జారుతుంది, వాచీ ఆగుతుంది.

మా వాచీని ముందు చూపించింది చిన్నాయినకు తెలిసిన చాచా దగ్గరే. మూత తీసి, భూతద్దంలో చాలాసేపు చూసి, మళ్లీ మూసి నా చేతిలో పెట్టాడు. "దీనికి నేను చేయి పెట్ట బిడ్డా. దీని సామాను నా దగ్గర లేదు. హైదరాబాద్ తీస్కపో" అన్నాడు. పైసలు తీసుకోలేదు. తనకు రాని పనిని రాదని చెప్పే మెకానిక్ దొరికితే, మీ ఇంట్లో మిగతా వాచీలన్నీ ఆయనకే ఇవ్వండి.

రెండో దారి: హైదరాబాద్‌లో సొంతంగా పనిచేసే నిపుణులు

మా వాచీ చివరికి ఇక్కడే బాగైంది. 1950ల నుంచి 1980ల మధ్య స్విస్ వాచీలకు ఎక్కువగా ఈ దారే సరైనదని నా నమ్మకం. అబిడ్స్, కోఠి, సికింద్రాబాద్ వైపు తరాలుగా ఇదే పని చేసే కుటుంబాలున్నాయి. కంపెనీలో శిక్షణ పొంది బయటికొచ్చి సొంతంగా పెట్టుకున్నవాళ్లున్నారు. అందరూ ఒకేలా ఉండరు. కాబట్టి దుకాణం ఎంత మెరుస్తోందన్నది వదిలేసి, బల్ల మీద ఏముందో చూడండి.

టైమ్‌గ్రాఫర్ ఉందా? అది వాచీ టిక్కును మైకులో విని, తెర మీద మూడు అంకెలు చూపించే చిన్న మెషిన్. మొదటి అంకె, రోజుకు ఎన్ని సెకన్లు ముందుకో వెనక్కో పోతోందనేది. రెండోది, బ్యాలెన్స్ చక్రం నడిమధ్య నుంచి ఒక్కో పక్కకు ఎన్ని డిగ్రీలు తిరుగుతోందనేది. మూడోది, టిక్కుకూ టాక్కుకూ మధ్య తేడా. జనం మొదటి అంకె చూసి మురిసిపోతారు. మెకానిక్ మాత్రం రెండో అంకె చూస్తాడు. నిండుగా కీ ఇచ్చి, డయల్ పైకి పెట్టినప్పుడు 270 నుంచి 310 డిగ్రీల మధ్య ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టు. పాత వాచీ 250 చూపించినా మంచిదే. 200 కిందికి పోయిందంటే లోపల మురికో, అరుగుదలో, అలసిన స్ప్రింగో ఉంది. మా తాత వాచీ నడిచిన ఆ పది నిమిషాల్లో 160 చూపించింది. సర్వీసింగ్ అయ్యాక 262. పని సరిగా జరిగిందో లేదో మీకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు, ముందూ వెనకా ఆ తెర ఫొటో తీసి ఇమ్మంటే చాలు.

సెకన్ల విషయంలో అత్యాశ వద్దు. రోజులో 86,400 సెకన్లుంటాయి. స్విట్జర్లాండ్‌లో టైము కచ్చితంగా చూపిస్తాయని పరీక్షించి క్రోనోమీటర్ సర్టిఫికెట్ ఇచ్చే కొత్త వాచీలకే రోజుకు 4 సెకన్లు వెనక్కి, 6 సెకన్లు ముందుకు సగటున ఒప్పుకుంటారు. యాభై ఏళ్ల వాచీ పదిహేను, ఇరవై సెకన్లలో ఉంటే సంతోషించాలి. సెకను తేడా రాకూడదంటే చేతిలో సెల్‌ఫోన్ ఉండనే ఉంది.

ఇంకా అడగాల్సినవి ఉన్నాయి. మొత్తం విప్పి కడుగుతారా? కీ తిప్పితే చుట్టుకుని వాచీని నడిపే మెయిన్ స్ప్రింగ్ కొత్తది వేస్తారా? తీసేసిన పార్టులు తిరిగి ఇస్తారా? పార్టు దొరక్కపోతే ఏం చేస్తారు? ఈ ఆఖరి ప్రశ్నకు వచ్చే జవాబులో మనిషి తెలిసిపోతాడు. రోలెక్స్, స్వాచ్ గ్రూప్ లాంటి కంపెనీలు బయటివాళ్లకు విడిభాగాలు అమ్మడం బాగా తగ్గించేశాయి. ఒమేగా, లాంజిన్స్, రాడో, టిస్సో అన్నీ స్వాచ్ గ్రూప్‌వే. కాబట్టి బయటి నిపుణుడు పాత నిల్వ సరుకు మీద, పార్టుల కోసం కొన్న పాత మెషిన్ల మీద ఆధారపడాలి. "వెతకాలి సార్, నెల పట్టొచ్చు" అన్నవాడు నిజం చెబుతున్నాడు. "రేపు సాయంత్రం వచ్చి తీసుకోండి" అంటే మీ వాచీలో ఏదో ఒకటి ఇరికిస్తారని అర్థం.

ఖర్చు వేలల్లో ఉంటుంది, పార్టులు పడితే పెరుగుతుంది. మాకు ఏడు వారాలు పట్టింది. అందులో చివరి వారం మొత్తం వాచీని ఆయన దగ్గరే పెట్టుకుని, పడుకోబెట్టి, నిలబెట్టి, తిప్పి చూశాడు. ఆ వారం అక్కర్లేదని నేను తొందర పెట్టబోయాను. ఆయన పట్టించుకోలేదు.

డయల్ గురించి ఆగి చెప్పాలి

మధ్యలో ఇంకో వాచీ నాశనమైందన్నాను కదా. అది మా మేనమామది, ఫావ్రే ల్యూబా సీ కింగ్. చక్కగా నడిచేది. డయల్ తేనె రంగుకు తిరిగి, అంచుల్లో చిన్న చుక్కలు పడ్డాయి. కొడుకు పెళ్లి ముందు సిటీలో ఒక దుకాణంలో చూపిస్తే "కొత్తదానిలా చేసిస్తాం" అన్నారట. చేశారు కూడా. పాత పెయింట్ గీకేసి, తళతళలాడే నీలం రంగు వేసి, మీద కంపెనీ పేరు అచ్చేశారు. అక్షరాలు లావెక్కాయి, నిమిషాల గీతలు ముళ్లకు అందవు. మామ చూసి "ఇది మా నాయిన వాచీ లెక్క లేదురా" అన్నాడు. ఆ డయల్ ఇక వెనక్కి రాదు.

ఇలాంటి రంగు డయళ్లు మన దేశం నుంచి ఎన్ని వెళ్లాయంటే, పాత వాచీలు సేకరించే విదేశీయులు వీటికి బొంబాయి పేరు పెట్టి మరీ దూరం పెడతారు. అమ్ముకునే ఉద్దేశం లేకపోయినా సరే, డయల్ ముట్టుకోనివ్వకండి. మెషిన్‌లో ఏం చెడినా ఎక్కడో ఒకచోట దొరుకుతుంది, డయల్ మాత్రం ఆ ఒక్కటే.

కేసు పాలిష్ కూడా ఇలాంటిదే. గీతలు పోవాలంటే లోహాన్ని అరగదీయాలి. పదునైన అంచులు సబ్బు బిళ్లలా గుండ్రబడతాయి. బంగారు పూత ఉన్నదైతే పూతే లేచిపోతుంది. మెత్తటి బ్రష్‌తో మురికి తీయించండి, అక్కడితో ఆపండి.

చీకట్లో వెలిగే చుక్కలున్న వాచీలు 1960కి ముందువైతే ఆ పెయింట్‌లో రేడియం ఉండే అవకాశం ఎక్కువ. వెలుగు ఎప్పుడో పోయి ఉంటుంది, రేడియం మాత్రం అలాగే ఉంటుంది. అది సగం కావడానికే 1,600 ఏళ్లు పడుతుంది. మూసి ఉన్న వాచీని చేతికి పెట్టుకుంటే బెంగపడక్కర్లేదు. కానీ గ్లాసు తీసి ఆ చుక్కల్ని గోటితో గీకడం, పొడి ఊదడం చేయకూడదు, పిల్లల్ని చేయనివ్వకూడదు. డయల్ కింద అంచులో స్విస్ అనే పేరుకు అటూ ఇటూ టీ అనే అక్షరం ఉంటే అది ట్రిటియం, రేడియం తర్వాతి కాలంలో వెలుగు కోసం వాడిన ఇంకో పదార్థం. దాని ఆయుష్షు చిన్నది, పన్నెండేళ్లకు సగమవుతుంది.

మూడో దారి: కంపెనీ సర్వీస్ సెంటర్

తమ్ముడి మాట ఇక్కడ నెగ్గుతుంది, కానీ అన్ని వాచీలకూ కాదు. నాయిన 1990ల తర్వాత కొన్న రోలెక్సో, ఒమేగానో మీ చేతికి వచ్చిందనుకోండి. రోజూ పెట్టుకుంటారు, వానలో తడుస్తారు, నీళ్లు పోకూడదు. అప్పుడు కళ్లు మూసుకుని కంపెనీకే ఇవ్వండి. అసలు పార్టులు వేస్తారు, రబ్బరు సీళ్లన్నీ మార్చి ఒత్తిడి పరీక్ష చేస్తారు, మామూలుగా రెండేళ్ల గ్యారంటీ ఇస్తారు. రోలెక్స్ తన వాచీలకు సుమారు పదేళ్లకోసారి సర్వీసింగ్ చాలంటుంది. ఒమేగా ఐదు నుంచి ఎనిమిదేళ్లంటుంది. అంటే ఆ ఐదంకెల బిల్లును సంవత్సరాల మీద పంచుకుని చూస్తే గుండె కొంచెం కుదుటపడుతుంది. రోలెక్స్‌కు బయట పార్టులు దొరకడమే గగనం, కాబట్టి దానికి ఈ దారే ఎక్కువ నప్పుతుంది.

పాత వాచీకి వచ్చేసరికి లెక్క మారుతుంది. సర్వీస్ సెంటర్ ఉద్దేశం వాచీని కంపెనీ కొలతలకు తేవడం. అందుకోసం రంగు తగ్గిన ముళ్లు, పగుళ్లున్న డయల్, అరిగిన కీ మార్చేసి కొత్తవి వేస్తామంటారు. వాళ్ల కోణంలో అది మంచి పనే. నా కోణంలో తాత చూసిన ముళ్లు పోయినట్టే. అంచనా కాగితం వచ్చినప్పుడు ఒక్కో లైను చదివి, డయల్, ముళ్లు మార్చవద్దని, పాలిష్ చేయవద్దని, తీసిన పార్టులు తిరిగివ్వాలని రాతపూర్వకంగా అడగండి. ఒప్పుకోకపోతే వాచీ వెనక్కి తీసుకోండి. అంచనాకే కొంత రుసుము ఉండొచ్చు, ముందే అడగడం మంచిది. లోపల బయటి పార్టు ఒక్కటి కనిపించినా కొన్ని కంపెనీలు పని ఒప్పుకోవు. మరీ పాతవైతే స్విట్జర్లాండ్ పంపాలంటారు, నెలలు గడుస్తాయి. పటేక్ ఫిలిప్ ఒక్కటి మాత్రం 1839 నుంచి తాను చేసిన ఏ వాచీనైనా బాగు చేస్తానంటుంది. ఆ వాచీ మీ బీరువాలో ఉంటే ఈ వ్యాసం చదవాల్సిన అవసరం మీకు లేదు, నేరుగా వాళ్లకే ఫోన్ చేయండి.

ఫావ్రే ల్యూబా లాంటి వాటికి కంపెనీ దారి దాదాపు మూసుకుపోయింది. 2011లో టైటాన్ ఆ కంపెనీని కొంది, తర్వాత మళ్లీ చేతులు మారింది. 1960ల మెషిన్‌కు పార్టులు కావాలంటే రెండో దారే.

నాయినమ్మ చెప్పిన దారి

అట్లనే ఉండనియ్యి అన్న మాటను నేను మొదట కొట్టిపారేశాను. ఇప్పుడు అదీ ఒక సరైన ఎంపికే అనుకుంటున్నాను. లోపల తుప్పు పట్టి, మెషిన్ సగం మారిపోయి, బాగుకు అయ్యే ఖర్చు వాచీ విలువకు నాలుగింతలైతే బాగు చేయించి తీరాలని ఎవరూ శాసించలేదు. తోలు పట్టా తీసేయండి, అది తేమ పడుతుంది. మెత్తటి గుడ్డలో చుట్టి, తేమ పీల్చే చిన్న సిలికా పొట్లంతో గాలి చొరని డబ్బాలో పెట్టండి. నెలకోసారి కీ తిప్పి నడిపిస్తే ఆయిల్ గడ్డకట్టదని కొందరు చెబుతారు. ఎండిన వాచీకి ఆ ఉపకారం చేయకండి. ఒక్క మినహాయింపు ఉంది. లోపలికి నీళ్లు పోయి గ్లాసు కింద ఆవిరి కనిపిస్తే దాచుకునే ప్రశ్నే లేదు, ఆ రోజే మూత తీయించాలి. తుప్పు రాత్రికి రాత్రే మొదలవుతుంది.

అమ్మేద్దామనుకుంటే బాగు చేయించకుండానే, ఏమీ తుడవకుండానే ఇద్దరు ముగ్గురికి చూపించి ధర అడగండి. సర్వీసింగ్‌కు పెట్టింది ధరలో తిరిగి వస్తుందన్న నమ్మకం లేదు.

చేతిలో పెట్టే ముందు

రసీదులో "పాత వాచీ ఒకటి" అని రాయనివ్వకండి. కంపెనీ, మెషిన్ నంబరు, సీరియల్ నంబరు, డయల్ రంగు, ఉన్న గీతలు, చేయాల్సిన పని, చేయకూడని పని అన్నీ ఉండాలి. మీ ఫోన్‌లోని ఫొటోల ముందే రాయించుకుంటే తర్వాత పేచీ రాదు. కొరియర్‌లో పంపకండి. నల్లగొండ నుంచైనా, మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ వంద కిలోమీటర్ల దూరమే. పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి ఇచ్చేసి రావొచ్చు. నేను చొక్కా లోపలి జేబులో పెట్టుకుని, చౌటుప్పల్ దాటేదాకా చేత్తో తడుముకుంటూనే ఉన్నాను. అంత టెన్షన్ అవసరం లేదని ఇప్పుడు చెప్పగలను.

ఇంట్లో అన్నదమ్ములుంటే ఖర్చు సంగతి కూడా ముందే తేల్చుకోండి. మా ఇంట్లో పెద్దనాయిన, నాయిన, చిన్నాయిన బిల్లు మూడు వాటాలు వేసుకున్నారు. వాచీ నా దగ్గర ఉంటుంది, ఎవరింట్లో శుభకార్యమైతే వాళ్ల చేతికి పోతుంది. ఒక్కరే బిల్లు కట్టి ఉంటే ఇంకో రకం కోర్టు వాయిదాలు మొదలయ్యేవి.

బాగై వచ్చాక జాగ్రత్తలు పెద్దగా లేవు. పాత వాచీ వాటర్‌ప్రూఫ్ అని వెనక రాసి ఉన్నా ఇక నమ్మకండి, చేతులు కడిగేటప్పుడు కూడా తీసేయడం మేలు. హోలీ రోజు బీరువాలోనే ఉంచండి. తారీఖు ఉన్న వాచీలో రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజాము మూడు వరకు తారీఖు మార్చకండి, అప్పుడు దాని పళ్లు తారీఖు చక్రంలో ఇరుక్కుని ఉంటాయి. మే నెలలో కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేయకండి, మన ఎండకు ఆయిలే కాదు, ప్లాస్టిక్ గ్లాసు కూడా తట్టుకోదు.

మెకానిక్ తిరిగిచ్చిన పాత మెయిన్ స్ప్రింగ్, గీతలు పడిన పాత గ్లాసు, అరిగిన కీ ఒక చిన్న ప్లాస్టిక్ కవర్లో వేసి, రసీదుతో పాటు వాచీ డబ్బాలోనే పెట్టాను. ఏడెనిమిదేళ్ల తర్వాత దీన్ని మళ్లీ విప్పే మనిషికి ఆ కాగితం చాలా పని తగ్గిస్తుంది.